వేళ్ళు తగిలిన చోట

తిరిగొచ్చిన బల్లచెక్కలన్నిటినీ సోమవారం పొద్దున్నే తెచ్చి గరుకక్క ముందు పేర్చారు. షెడ్డులో ఖాళీ స్థలానికి కొదవ లేదు. తలుపు పక్కన పెట్టొచ్చు, ప్రెస్సు వెనక పెట్టొచ్చు. ఆమె ముందే పేర్చమన్నాడంటే తప్పు ఎవరిదో సూపర్‌వైజరు రాత్రే తేల్చేసుకుని వచ్చాడన్నమాట.

అవి బడిపిల్లలు రాసుకునే బల్లల పైచెక్కలు. అసలు కర్ర. కర్ర గీతలు కనబడేలా పైన గాజులాంటి పలచటి ప్లాస్టిక్ పొర అతికిస్తారు, సిరా ఒలికినా తుడిస్తే పోయేలాగ. ఇప్పుడు ప్రతి చెక్కకీ అంచుల దగ్గర పొర లేచి ఉంది. లేచిన చోట పిల్లలు ఊరుకుంటారా? గోళ్ళతో పీకారు, కంపాసు ముల్లు దూర్చారు, ఒకడైతే పొర కిందకి కాగితం ముక్క తోసి దాని మీద ఎవరి పేరో రాశాడు.

గరుకక్కకి ఆ పేరు ఇరవై రెండేళ్ళుగా గరుకు కాగితంతో చెక్కలు రుద్దుతున్నందుకు వచ్చిందని కొందరంటారు, నోటిని బట్టి వచ్చిందని ఇంకొందరంటారు. ఆమె ఎవరికీ అడ్డు చెప్పలేదు. రుద్దేటప్పుడు చేతులకి మొగుడి పాత మేజోళ్ళు తొడుక్కుంటుంది. రుద్దిన చెక్కని ఉత్త చేత్తో తాకదు, ఇంకొకరిని తాకనివ్వదు. చేతి జిడ్డు తగిలితే కర్ర తాగేస్తుంది, తాగిన చోట జిగురు పట్టదు. ఒకసారి యజమాని వచ్చి చెక్క మీద చెయ్యి ఆనించబోతే, ‘చెయ్యి తియ్యండి’ అని ఆయన్నే అనేసింది. ఆమె ఫైల్లో ఉన్న రెండు సంజాయిషీ కాగితాల్లో ఒకటి దానికే. రెండోది వానకి రోడ్డు మునిగినరోజు ఆలస్యంగా వచ్చినందుకు.

సూపర్‌వైజరు మూడో కాగితం చేత్తో పట్టుకునే వచ్చాడు. వయసులో ఆమె కంటే పదేళ్ళు చిన్న. ముందు పొర చుట్ట దగ్గరికి తీసుకెళ్ళి, పొర మధ్యలో పరీక్ష సిరా ఒక చుక్క వేశాడు. చుక్క చక్కగా పరుచుకుంది, అంటే అక్కడ జిగురు పడుతుందని లెక్క.

“చూశావా? పొరలో లోపం లేదు. జిగురు పాతదే, ప్రెస్సు పాతదే. ఇంక మిగిలింది కర్ర. కర్ర నీది.”

అంచుల దగ్గర తను సరిగ్గా రుద్దడం లేదని, అందుకే పొర లేస్తోందని ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. మూడో కాగితం పడితే పని నుంచి తీసేస్తారు, అది ఇక్కడి రివాజు. అయితే బళ్ళ తరఫున కొనే మేడమ్ శుక్రవారం స్వయంగా వస్తోందట. ఆవిడకి గట్టి చెక్కలు చూపించగలిగితే ఈ కాగితం చింపేస్తానని, లేకపోతే ఆ సాయంత్రమే సంతకం కావాలని చెప్పి వెళ్ళిపోయాడు. గరుకక్కకి తల కొట్టేసినట్టయింది. కాగితంలో ‘అజాగ్రత్త’ అనే మాట ఉంది. ఇంకే మాట రాసినా ఇంత మండేది కాదు.

ప్లాస్టిక్ పొర సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. పుట్టుకతోనే దేనికీ అంటని బుద్ధి దానిది. దాని మీద నీళ్ళు చల్లితే జిడ్డు మూకుడు మీద చల్లినట్టు బొట్లు బొట్లుగా నిలబడిపోతాయి. జిగురు గతీ అంతే. అందుకని ఇదివరకు దానికి ముక్కు అదిరిపోయే మందు ఒకటి పూసేవాళ్ళు. ఆరునెలల కిందట మెరుపుల పెట్టె వచ్చింది. పొరని దాని కిందుగా లాగితే నీలపు రవ్వలు చిటపటమంటాయి, వాన ముందర వచ్చేలాంటి వాసనొకటి వస్తుంది, అవతలివైపు తేలేసరికి పొర మొండితనం మానుకుని జిగురుని పట్టుకుంటుంది. మందు పోయింది. మందు పోయింది కాబట్టి నెలనెలా ఇచ్చే చేతి తొడుగులు కూడా జాబితాలోంచి పోయాయి. మందే లేనప్పుడు తొడుగులెందుకని కొట్టేసి, పక్కన సంతకం పెట్టింది సూపర్‌వైజరే.

మంగళవారమంతా ఆమె చెక్కలతో కుస్తీ పట్టింది. ఒక చెక్కని మోటు కాగితంతో రుద్దింది, ఒకదాన్ని సన్న కాగితంతో. ఒకదాన్ని రుద్దిన వెంటనే పంపింది, ఒకదాన్ని మధ్యాహ్నం దాకా ఉంచి పంపింది. ధూళి బ్రష్షుతో దులిపింది, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టింది, ఆఖరికి ఇంటి నుంచి తెచ్చిన తెల్లటి పాత చీర ముక్కతో అంచు అంచూ ఒత్తింది. ప్రతిదాని వెనకా పెన్సిలుతో గుర్తు పెట్టుకుంది. పొర వేసే పిట్ట అన్నిటికీ ఓపిగ్గా పొర వేసి ప్రెస్సులోకి తోసింది.

పిట్ట అంటే పొర బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి. మనిషి పిట్టంతే ఉంటుంది, పని మాత్రం చకచకా. మెరుపుల పెట్టె నుంచి వచ్చిన పొరని చెక్కకి సరిపడా కోసి, ఇటు రెండు వేళ్ళతో, అటు రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని, దుప్పటి పరిచినట్టు ఒక్క ఊపులో జిగురు చెక్క మీదకి దించుతుంది. గాలి బుడగ ఒక్కటి ఉండదు. రోలర్లకి అంటిన జిగురు తుడవడమూ, తన వేళ్ళకి అంటింది వదిలించుకోవడమూ స్పిరిట్‌తోనే. రోజుకి ఇరవైసార్లు స్పిరిట్‌లో ముంచిన వేళ్ళు ఎలా ఉండాలో అలాగే ఉంటాయి.

సాయంత్రానికి చెక్కలు చల్లారాక గరుకక్క ఒక్కోదాన్ని కత్తి మొనతో అంచు దగ్గర గీకి చూసింది. మోటుగా రుద్దిందీ లేచింది, సన్నగా రుద్దిందీ లేచింది. చీర ముక్కతో ఒత్తిందయితే అన్నిటికంటే ముందు లేచింది. ఆ చెక్కని ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. కర్ర ఏం పాపం చేసిందని.

ఇంటికి వెళ్ళి చెప్తే బస్సు నడిపే మొగుడు చొక్కా తీస్తూ, సంతకం పెట్టి పారెయ్యమన్నాడు. ఎటూ తీసేసేటట్టున్నారు, వాళ్ళ నోట్లో నోరు పెట్టడం దేనికి, ఇంకో చోట పని దొరక్కపోతుందా అని ఆయన లెక్క. ఆమె గిన్నెలు గట్టిగా తోమింది. పని పోతే పోతుంది. కానీ తను రుద్దిన చెక్కకి పట్టు లేదని కాగితం మీద ఒప్పుకోవడం ఎలా? అలా ఒప్పుకున్నాక ఇంకో చోటికి వెళ్ళి ఏం పని వచ్చని చెప్పాలి?

అత్తగారికి ఈ గొడవేమీ పట్టలేదు. మంచం మీద కూర్చుని, చిన్న డబ్బాలో మైనమూ నూనే కలిపి చేసిన ముద్దని చెంచాతో నునుపు చేస్తోంది. “మీ పిట్టకి మందు అయిపోవచ్చింటుంది. ఇది పట్టుకెళ్ళు. నా చేతి మందు రాశాక ఆ పిల్ల వేళ్ళు మానాయా లేదా?” అని అడిగింది. మానాయని ఒప్పుకునేదాకా వదల్లేదు. మానిన మాట నిజమే. రెండు నెలల కిందట పిట్ట వేళ్ళు పగిలి నెత్తురు కారుతుంటే చూడలేక, ఆ డబ్బా మొదటిసారి పట్టుకెళ్ళింది గరుకక్కే.

బుధవారం భోజనాల వేళకి షెడ్డు ఖాళీ అయింది. గరుకక్క తినకుండా తిరిగొచ్చిన చెక్కలని నేల మీద వరసగా పరిచింది. ఇన్నాళ్ళూ ప్రతి చెక్కనీ విడివిడిగా తిట్టుకుంది గానీ అన్నీ ఒక్కచోట చూడలేదు. చూస్తే పొర లేచింది అంచంతా కాదు. ప్రతి చెక్కకీ ఇటు రెండు చోట్ల, అటు రెండు చోట్ల. అక్కడ లేచి, పిల్లలు పీకాక, పక్కకి పాకింది. తను అంచులు రుద్దడంలో తేడా వస్తే కొలిచి నాలుగు చోట్లే ఎందుకొస్తుంది?

ఒక చెక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని, లేచిన రెండు చోట్లా తన వేళ్ళు ఆనించింది. సరిపోలేదు. తనది పెద్ద చెయ్యి. వేళ్ళు కాస్త ముడిస్తే సరిపోయాయి.

ఆమె లేచి పొర బల్ల దగ్గరికి వెళ్ళింది. పిట్ట కోసి ఉంచిన పొర ముక్క ఒకటి అక్కడుంది. దాని అంచుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ఏమీ కనబడలేదు. అద్దం తుడిచేముందు ఊదినట్టు నోటితో వెచ్చగా ఊదింది. పొర మీద ఆవిరి పట్టింది, రెండు చోట్ల తప్ప. ఆ రెండు చోట్లా గుండ్రంగా, గీతలతో సహా, చిన్న చిన్న వేలిముద్రలు తేలాయి. రెండో అంచు మీద ఊదింది. అక్కడా రెండు. సిరా సీసా తెచ్చి ముద్ర మీద ఒక చుక్క వేసింది. చుక్క పరుచుకోలేదు. బొట్టుగా ముడుచుకుని అలాగే కూర్చుంది.

సూపర్‌వైజరు ఎప్పుడూ మధ్యలోనే చుక్క వేస్తాడు. మధ్యలో ఎవరి చెయ్యీ తగలదు.

ఆమెకి మొదట ఒళ్ళంతా తేలికైంది. తప్పు కర్రది కాదు, తనది కాదు. ఆ తేలిక నిమిషం కూడా నిలవలేదు. తన చేతిసంచీలో అత్తగారి డబ్బా ఉంది. పొద్దున తెచ్చింది, ఇంకా ఇవ్వలేదు. కర్రని మనుషుల చేతుల నుంచి ఇరవై రెండేళ్ళు కాపలా కాసింది. ప్లాస్టిక్‌కి మాత్రం చెయ్యి తగిలితే ఏమవుతుందిలే అనుకుంది. అత్తగారు కలిపిన మైనం ముద్దని తనే తెచ్చి, తనే రాయించి, పొర మీదకి పంపింది. రెండు రోజులుగా పళ్ళు నూరుతూ వెతుకుతున్న దొంగ తన సంచీలోనే కూర్చుని ఉంది. నవ్వొచ్చింది, ఆ నవ్వు గొంతు దాటక ముందే కళ్ళు మండాయి.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న పిట్టకి చెప్పింది. పిట్ట తన వేళ్ళ వంక చూసుకుంది. ఆమెకి ఇక్కడ పని దొరికి ఏడాది కాలేదు, ఫైల్లో కాగితాలేమీ లేవు. ఎవరికీ చెప్పొద్దని, రేపటి నుంచి తను మందు మానేస్తే చెక్కలు బాగుపడతాయి, శుక్రవారం గడిచిపోతుంది, ఎందుకొచ్చిన గొడవ అంది. మాట బాగానే ఉంది. గరుకక్క కూడా క్షణం ఊగింది.

“మానేస్తే నీ వేళ్ళేమవుతాయే?” అంది.

“మందు లేనప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి, అక్కా.”

అది విన్నాక గరుకక్క ఊగడం మానేసింది. పొర ముక్కా, సిరా సీసా పట్టుకుని సూపర్‌వైజరు గదికి వెళ్ళింది. బల్ల మీదే ఊదింది, చుక్క వేసి చూపించింది. మందు తనదేనని, పిట్టకి తెలియక రాసుకుందని, తొడుగులు ఇస్తే మందూ అక్కర్లేదు, ముద్రలూ ఉండవని చెప్పింది. అంత పెద్ద మాట ఆమె ఏనాడూ అంత నెమ్మదిగా మాట్లాడలేదు.

సూపర్‌వైజరు ముద్రల వంక వంగి చాలాసేపు చూశాడు. తనే ఒకసారి ఊదాడు కూడా. మొహం విప్పారింది. “అయితే తప్పు నీదే అన్నమాట. నేను చెప్పలేదూ?” అన్నాడు. తొడుగుల మాట చెవిన వేసుకోలేదు. శుక్రవారం అవనిమ్మన్నాడు. గంటలో గోడ మీద నోటీసు అంటించాడు: పనివేళల్లో చేతులకు నూనెలు, మందులు రాయరాదు. కాగితం చింపలేదు. ‘రుద్దడంలో’ అనే మాట కొట్టేసి, పైన ‘మందు ఇవ్వడంలో’ అని రాశాడు. అజాగ్రత్త అనే మాట అలాగే ఉంది.

గురువారం పిట్ట సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని వచ్చి నిలబడింది. గరుకక్క తన మేజోళ్ళు ఇవ్వబోయింది. పిట్టే వద్దంది. నిజమే, వాటి నిండా కర్ర ధూళి. పొర కింద ఒక్క రజను చిక్కినా గింజలాగా తేలుతుంది. కొత్త మేజోళ్ళు తెస్తే దారాలు రాలుతాయి. పని సాగింది. మధ్యాహ్నానికే స్పిరిట్ తన పని మొదలుపెట్టింది. పిట్ట వేళ్ళ కణుపుల దగ్గర పాత పగుళ్ళు మళ్ళీ తెరుచుకుని నెత్తురు చెమర్చాయి. స్పిరిట్ గుడ్డ తీసుకున్న ప్రతిసారీ ఆ అమ్మాయి కింది పెదవి లోపలికి లాక్కునేది, అంతే. గరుకక్క ఇటు రుద్దుతూ ఆ పెదవిని చూస్తూనే ఉంది. చెప్పకపోయినా బాగుండేదా అని ఒకసారి, చెప్పినా ఒరిగిందేమిటని ఒకసారి, ఆ రోజంతా తన మీద తనకే కోపం. నాలుగుసార్లు వెళ్ళి తొడుగులు అడిగింది. నాలుగోసారి గది తలుపు వేసి ఉంది.

శుక్రవారం మేడమ్ వచ్చింది. చేతిలో తాళాల గుత్తి. పలకరింపులయ్యాక ఆవిడ కుర్చీలో కూర్చోలేదు, చెక్కల దగ్గరికి నడిచింది. “పిల్లలకి పనేమీ లేకపోతే పీకడమే పని. నేనూ అదే చేస్తాను,” అని గుత్తిలోంచి సన్నటి తాళంచెవి తీసి, మొదటి చెక్క అంచు కింద దూర్చి మీటింది. పొర కదల్లేదు. రెండోది మీటింది. మూడోది. నాలుగోదానికి చెవి జారి ఆవిడ గోరే చిట్లింది. సూపర్‌వైజరు వెనకాలే నడుస్తూ మెరుపుల పెట్టె గొప్పతనం చెప్తున్నాడు. గరుకక్క తన బల్ల దగ్గర నిలబడి ఆ తాళంచెవినే చూస్తోంది. కష్టమంతా ఒక ఎత్తు, ఆ పొర కదలకపోవడం చూస్తుంటే లోపల పొంగుతున్న గర్వం ఒక ఎత్తు.

ఆరో చెక్క దగ్గర మేడమ్ ఆగింది. వంగింది. కళ్ళజోడు సవరించుకుని బొటనవేలితో అంచు దగ్గర రుద్దింది. మళ్ళీ రుద్దింది. గోధుమ రంగు మరక, చిక్కుడుగింజ కన్నా చిన్నది, దగ్గరగా చూస్తే లోపల సన్నటి గీతలు. పోవడం లేదు. పోదు, అది పొర కింద ఉంది.

“ఇదేంటి?”

“కర్ర మచ్చ మేడమ్. అసలు కర్ర కదా, ఇలాంటివి సహజం,” అన్నాడు సూపర్‌వైజరు తడుముకోకుండా. తర్వాత గరుకక్క వైపు తిరిగాడు. “చెక్కలన్నీ ఈమె చేతి మీదుగానే వెళ్తాయి. ఏమ్మా, మచ్చే కదా?”

ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం కొస కనబడుతోంది. అవుననడానికి ఒక్క తల ఊపు చాలు. మంచి మాటగానే అడిగాడు, కాగితం చింపేస్తాడు కూడా. ఆమెకి ఆ సంగతి స్పష్టంగా తెలుసు. పొర బల్ల దగ్గర పిట్ట చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది.

“మచ్చున్న చెక్క నేను పంపను,” అంది గరుకక్క. “అది మా పిట్ట వేలు.”

మేడమ్ ఆ మరక మీది నుంచి తన బొటనవేలు మెల్లిగా తీసేసింది. తీసి, చీరకి తుడుచుకోబోయి ఆగిపోయింది. పిట్ట దగ్గరికి వెళ్ళి చేతులు చూపించమంది. పిట్ట సూపర్‌వైజరు వంక చూసి, గరుకక్క వంక చూసి, ముందుకి చాపింది. మేడమ్ జాలి మాటలేమీ అనలేదు. మొహం మాత్రం మాడింది.

“ఈ పిల్ల వేళ్ళు నేను బడికి పట్టుకెళ్ళలేను. ఈ ఒక్క చెక్కా పొర విప్పి కొత్తగా వెయ్యండి. తొడుగులతో వెయ్యండి,” అని సూపర్‌వైజరుతో చెప్పి, మిగిలినవి పంపమని వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున పొర బల్ల మీద తొడుగుల కట్ట ఉంది. తెల్లటి రబ్బరువి, కొత్తవి. సూపర్‌వైజరు ఎవరితోనూ ఏమీ అనలేదు. కాగితం గురించీ అనలేదు. సంతకం అడగనూ లేదు, చింపనూ లేదు, అది ఫైల్లోకి వెళ్ళిందో జేబులోనే ఉందో గరుకక్కకి తెలియదు. అడగాలని నోటిదాకా వచ్చింది. ఆయన కావాలనే తెలియనివ్వడం లేదని అర్థమై ఊరుకుంది. తొడుగులు పెద్దచేతుల వాళ్ళవి. పిట్ట తొడుక్కుంటే వేళ్ళ చివర ఖాళీ వేలాడింది. దారంతో బిగించి కట్టి ఇచ్చింది గరుకక్క.

ఆ తర్వాత ఇద్దరూ ఆరో చెక్కని బల్ల మీద వేసుకున్నారు. పొర విప్పి కొత్తది వెయ్యాలి. గరుకక్క ఉలి మొనతో మూల దగ్గర సందు చేసింది, పిట్ట పట్టకారుతో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి లాగారు. రాలేదు. వేడిగుడ్డ వేసి లాగారు. గోరంత మేర లేచింది. లేచిన పొరతో పాటు కర్ర నారలు కూడా లేచాయి.

“ఆగు,” అంది గరుకక్క.

ఆ గోరంత ముక్కని తిప్పి చూసింది. జిగురు కర్రనీ వదల్లేదు, పొరనీ వదల్లేదు. మధ్యలో కర్రే చీలింది. ఇరవై రెండేళ్ళలో ఇంత పట్టు ఆమె చూడలేదు. సోమవారం నుంచి ఈ చెక్క కోసమే కొట్టుకుంది. ఇంతకంటే బాగా రుద్దడం, ఇంతకంటే బాగా అతకడం ఎవరి వల్లా కాదు.

ఇంకో పావుగంట లాగారు. మరక దగ్గరికి వచ్చేసరికి కర్ర లోతుగా చీలి, దాని కింది నార అంతా ఎత్తుకుని వచ్చింది. అంత చేసినా మరక పొరకి అలాగే అంటుకుని ఉంది. చెక్క పాడైపోయింది, ఇంక దేనికీ పనికిరాదు. పిట్ట భయంగా, సార్‌కి ఏం చెప్పాలని అడిగింది.

“ఊడలేదని చెప్తాను,” అంది గరుకక్క.

చెక్కని అవతలికి తోసి, కొత్తదొకటి ఎత్తి తన బల్ల మీద పెట్టుకుంది. మేజోళ్ళు తొడుక్కుంది. అంచు దగ్గర నుంచి రుద్దడం మొదలుపెట్టింది.